టెక్ వార్తలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: లైసెన్స్ మారిందట!

ముందు పోయిన పాఠం హోంవర్కు సంగతి. లైనక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి దొంగ కోడ్ దూర్చిన వ్యవహారం ఇచ్చి, మీ సర్వర్‌కు ప్రమాదం ఉందో లేదో తేల్చమన్నాను. జవాబు వెర్షన్ నంబరులో ఉంది. దొంగ కోడ్ చేరింది 5.6.0, 5.6.1 వెర్షన్లలో మాత్రమే. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని బయటపెట్టేనాటికి ఆ వెర్షన్లు డెబియన్ (ఒక రకం లైనక్స్) స్టేబుల్, అంటే స్థిరపడిన విడుదలలోకి రానేలేదు. డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ వాడేవాళ్లు, ఫెడోరా అనే ఇంకో రకం లైనక్స్‌ను విడుదలకు ముందే వేసుకున్నవాళ్లు మాత్రం పరుగులు పెట్టాల్సి వచ్చింది. ‘లైనక్స్ కొంప మునిగింది’ తరహా శీర్షికలు పక్కన పెట్టి నంబరు వెతికినవాళ్లు పాఠం పట్టేసినట్టే. ఇవాళ కూడా మొదటి ఆధారం నంబరే.

ఈసారి లైసెన్స్ వార్తలు చూద్దాం. సాఫ్ట్‌వేర్‌ను ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పేది లైసెన్స్. కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, పంచుకోవచ్చని అది ఒప్పుకుంటే ఓపెన్ సోర్స్. ‘ఫలానా సాఫ్ట్‌వేర్ ఇక ఓపెన్ సోర్స్ కాదు’ అన్న వార్త మధ్యమధ్య వస్తూనే ఉంటుంది. 2018 అక్టోబరులో మోంగోడీబీ, 2021 జనవరిలో ఎలాస్టిక్‌సెర్చ్, 2023 ఆగస్టులో టెర్రాఫామ్ (క్లౌడ్‌లో సర్వర్లు ఏర్పాటు చేసే టూల్), 2024 మార్చిలో రెడిస్. వచ్చిన ప్రతిసారీ గోల ఒకటే. ఇకమీదట డబ్బు కట్టాలట అని కొందరు, కంపెనీ నమ్మకద్రోహం చేసిందని కొందరు. టెర్రాఫామ్ వార్త రాగానే డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లలో నడిపే పని) నేర్చుకుంటున్న వాళ్లకు ఇంకో టెన్షన్: అమీర్‌పేటలో కట్టిన ఫీజు దండగేనా? ఇలాంటి వార్త వచ్చినప్పుడు ఎవరి అభిప్రాయమూ అరువు తెచ్చుకోకుండా, అరగంటలో మన అభిప్రాయం మనం ఏర్పరచుకోవడం ఎలాగో రెడిస్ మీద చేసి చూద్దాం.

రెడిస్‌ను ఇటలీలోని సిసిలీకి చెందిన సాల్వతోరే శాన్‌ఫిలిప్పో 2009లో మొదలుపెట్టారు. డేటాను మెమరీలోనే ఉంచుకునే డేటాబేస్ కాబట్టి అడిగిందే తడవుగా జవాబిస్తుంది. లాగిన్ సెషన్లు, షాపింగ్ కార్టులు, ఆటల్లో స్కోరు పట్టికలు లాంటివి దానికి అప్పగించడం మామూలు. 2024 మార్చి 20న దాని వెనకున్న కంపెనీ లైసెన్స్ మారుస్తున్నట్టు ప్రకటించింది.

ఇప్పుడు వార్త మూసేసి కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో రెడిస్ రిపాజిటరీ, అంటే దాని కోడ్ ఫైళ్లున్న చోటు తెరవండి. ఫైళ్ల జాబితా పైన బ్రాంచి పేరున్న చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని నొక్కి, ‘ట్యాగ్స్’ (ఒక్కో వెర్షన్‌కు పెట్టిన గుర్తులు) లోకి వెళ్లి 7.2.4 ఎంచుకోండి. జాబితాలో ‘కాపీయింగ్’ అనే ఫైలు కనిపిస్తుంది. తెరిస్తే బీఎస్‌డీ లైసెన్స్. నిండా ఒక పేజీ కూడా ఉండదు. షరతులు మూడే: సోర్స్ కోడ్ పంచితే ఈ కాపీరైట్ గమనికను తీసేయకూడదు, బైనరీ రూపంలో పంచినా దాన్ని జత చేయాలి, అనుమతి లేకుండా మా పేరు చెప్పి మీ సరుకు ప్రచారం చేసుకోకూడదు. కింద పెద్దక్షరాల్లో, ఏం జరిగినా మా పూచీ లేదన్న పేరా. అంతే.

అదే పెట్టెలో ఇప్పుడు 7.4.0 ఎంచుకోండి. ‘కాపీయింగ్’ మాయమైంది. దాని బదులు ‘లైసెన్స్’ అనే ఫైలు, స్క్రోల్ చేస్తూనే ఉండాల్సినంత పొడుగు. అందులో రెండు లైసెన్సులున్నాయి, మీకు నచ్చింది తీసుకోవచ్చు: ఆర్‌ఎస్‌ఏఎల్ (రెడిస్ కంపెనీ సొంత లైసెన్స్) రెండో వెర్షన్, ఎస్‌ఎస్‌పీఎల్ (మోంగోడీబీ తయారుచేసింది) ఒకటో వెర్షన్. ఇలా రెండు ట్యాగుల మధ్య ఫైలును పోల్చి చూడటమే ఈ పాఠంలో మీ చేతికి రావాల్సిన పని. ఏ సాఫ్ట్‌వేర్ మీదైనా ఇదే పద్ధతి. ‘లైసెన్స్’ ఫైలు తెరిచి ‘హిస్టరీ’ నొక్కితే ఎప్పుడు, ఏ కమిట్‌లో (నమోదైన కోడ్ మార్పులో) మారిందో కూడా తేదీతో సహా దొరుకుతుంది.

ఫైలు మొత్తం చదవక్కర్లేదు. ఏం చేయకూడదో చెప్పే భాగం వెతకండి. ఆర్‌ఎస్‌ఏఎల్‌లో అసలు మెలిక ఒక్కటే: రెడిస్‌ను ఇతరులకు సర్వీసుగా, అంటే మన సర్వర్లలో నడిపి అద్దెకిచ్చినట్టు అందించకూడదు. ఎస్‌ఎస్‌పీఎల్‌లో 13వ సెక్షన్‌కు నేరుగా వెళ్లండి. సర్వీసుగా అందించొచ్చంటుంది, కాకపోతే ఆ సర్వీసు నడపడానికి వాడే సమస్తం సోర్స్ కోడ్‌తో సహా బయటపెట్టాలి. మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్, యూజర్ ఇంటర్‌ఫేస్, మానిటరింగ్, బ్యాకప్, స్టోరేజీ, హోస్టింగ్ అని పేరుపేరునా రాసి ఉంది. ఏ క్లౌడ్ కంపెనీ అయినా ఆ పని చేస్తుందా? చేయదని రాసినవాళ్లకూ తెలుసు. నా దృష్టిలో ఇది అనుమతి రూపంలో రాసిన నిషేధం.

ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ 1998 నుంచి ఏ లైసెన్స్‌ను ఓపెన్ సోర్స్ అనవచ్చో తేలుస్తోంది. దాని నిర్వచనంలో పది సూత్రాలు. ఆరోది ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి: ఫలానా రంగంలో, ఫలానా వ్యాపారంలో వాడకూడదని ఆంక్ష పెట్టకూడదు. ఆర్‌ఎస్‌ఏఎల్ ఈ సూత్రం దగ్గరే ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌పీఎల్‌ను మోంగోడీబీ ఆమోదం కోసం పంపి, 2019 మార్చిలో తానే వెనక్కి తీసుకుంది. కాబట్టి ‘ఇక ఓపెన్ సోర్స్ కాదు’ అన్న శీర్షిక ఆ రోజుకు నిజమే. కోడ్ కనిపిస్తూనే ఉంది, హక్కులు తగ్గాయి.

మరి ‘డబ్బు కట్టాలట’ సంగతి? మీ కంపెనీ యాప్ వెనక రెడిస్ నడుస్తోందనుకోండి. మీరు అమ్మేది చీరలో, బస్సు టికెట్లో, బీమానో. ఈ రెండు లైసెన్సుల్లో ఏదీ మీ జోలికి రాదు. రెడిస్‌నే సర్వీసుగా అమ్మితేనే తగాదా. పైగా 7.2.4 అప్పుడూ ఇప్పుడూ బీఎస్‌డీనే. మారిన షరతులు కొత్త వెర్షన్లకే వర్తిస్తాయి. ఇక్కడ ఒక్క తిరకాసు ఉంది: పాత వెర్షన్ మీద ఎల్లకాలం కూర్చోలేం. భద్రతా లోపం బయటపడితే ప్యాచ్ (సవరణ కోడ్) ఎవరిస్తారు? అందుకే లైసెన్స్ మారిన వార్తలో వెంటనే వెతకాల్సిన రెండో పేరు ఫోర్క్‌ది. పాత కోడ్ తీసుకుని వేరేవాళ్లు విడిగా నడిపే ప్రాజెక్టే ఫోర్క్.

ఆ ఫోర్క్ ఎనిమిది రోజుల్లో వచ్చింది. మార్చి 28న లైనక్స్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ వాల్కీని ప్రకటించింది. 7.2.4 కోడ్ నుంచే మొదలుపెట్టారు. వెనక అమెజాన్ వెబ్ సర్వీసెస్, గూగుల్ క్లౌడ్, ఒరాకిల్, ఎరిక్సన్, స్నాప్. ఫోర్క్ వచ్చిందని తెలియగానే చప్పట్లు కొట్టకండి. గిట్‌హబ్‌లో ఫోర్క్ చేయడానికి ఒక్క క్లిక్ చాలు. అలా పుట్టి, నెల తిరక్కుండానే అడుగున పడిపోయినవి కోకొల్లలు. ఇక్కడ చూడాల్సింది చేరినవాళ్లెవరన్నది. పాత ప్రాజెక్టులో కోడ్ రాసినవాళ్లే కొత్తదాంట్లోకి నడిచొచ్చారా? వాల్కీ విషయంలో వచ్చారు. 2020లో శాన్‌ఫిలిప్పో బాధ్యతల నుంచి తప్పుకున్నాక ఏర్పడిన ఐదుగురి కోర్ బృందంలో ఒకరు అమెజాన్ ఉద్యోగి మాడెలిన్ ఓల్సన్. ఆవిడే వాల్కీకి ముందు నిలబడ్డారు.

క్లౌడ్ కంపెనీలు మా శ్రమతో కోట్లు గడించి తిరిగి ఇచ్చేదేమీ లేదన్న రెడిస్ కంపెనీ ఫిర్యాదును ఇక్కడే తూచాలి. అందులో నిజం ఉంది. అమెజాన్ 2013 నుంచి ఎలాస్టికాష్ పేరుతో రెడిస్‌ను సర్వీసుగా అమ్ముతోంది, ఆ ఆదాయంలో రెడిస్ కంపెనీకి వాటా లేదు. అది ఏ వ్యాపారికైనా కడుపు మండే విషయమే. కానీ ‘తిరిగి ఇచ్చేదేమీ లేదు’ అన్న భాగం నిలబడదు. ఆ ఐదుగురిలో అమెజాన్ మనిషితో పాటు అలీబాబా మనిషి కూడా ఉన్నారు. రిపాజిటరీలో ‘కాంట్రిబ్యూటర్స్’ పేజీ చూస్తే ఇలాంటి మాటల బరువు ఎంతో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంకో సంగతి: ఇదే కంపెనీ 2018లో తన అదనపు మాడ్యూళ్ల లైసెన్స్ మార్చినప్పుడు, అసలు రెడిస్ మాత్రం ఎప్పటికీ బీఎస్‌డీలోనే ఉంటుందని భరోసా ఇచ్చింది. ఆరేళ్లు కూడా నిలవలేదు. ఇలాంటి భరోసాలకు నేను సున్నా మార్కులు వేస్తాను. రాసినవాళ్లు మోసగాళ్లని కాదు. కంపెనీలో పెట్టుబడిదారులు మారతారు, సీఈఓలు మారతారు, లైసెన్స్ ఫైలులో లేని మాటకు వాళ్లెవరూ జవాబుదారీ కారు.

అసలు ఒక్క కంపెనీ ఇంతమంది రాసిన కోడ్ లైసెన్స్‌ను ఎలా మార్చగలిగింది? నన్నడిగితే ఇలాంటి వార్తలన్నిటిలో తవ్వాల్సిన చోటు ఇదే, వార్తాపత్రికలు దాటేసేదీ ఇదే. రెడిస్‌లో జవాబు సులువు. గమనిక ఉంచితే చాలు, ఈ కోడ్‌ను ఏ షరతులతోనైనా కలిపి ఇచ్చుకోండి అని బీఎస్‌డీనే చెబుతోంది. ఆ వెసులుబాటు ఊరందరికీ ఉంది, కంపెనీ దాన్ని వాడుకుంది. టెర్రాఫామ్ దగ్గర పరిస్థితి వేరు. అది ఎంపీఎల్ (మొజిల్లా పబ్లిక్ లైసెన్స్) కింద ఉండేది. ఆ ఫైళ్లలో మార్పులు చేసి పంచితే మళ్లీ ఎంపీఎల్ కిందే ఇవ్వాలి. అయినా దాన్ని తయారుచేసిన హాషికార్ప్ కంపెనీ 2023 ఆగస్టు 10న లైసెన్స్ మార్చగలిగిందంటే కారణం సీఎల్‌ఏ (కాంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్). కోడ్ పంపే ముందు బయటి డెవలపర్లు అంగీకరించే ఒప్పందమది. నా కోడ్‌ను మీరు వేరే లైసెన్స్ కింద కూడా ఇచ్చుకోవచ్చన్న అనుమతి అందులో ఉంటే, అది ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే.

దీనికి ఎదురు ఉదాహరణ లైనక్స్ కెర్నెల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. అక్కడ సీఎల్‌ఏ లేదు. 2004 నుంచి ప్రతి ప్యాచ్ కింద ‘సైన్డ్ ఆఫ్ బై’ అన్న ఒక్క వరుస ఉంటుంది. ఈ కోడ్ పంపే హక్కు నాకుంది అన్న హామీ అది, అంతకుమించి ఏమీ రాసివ్వరు. కాపీరైటు వేలమంది చేతుల్లో చెదిరి ఉంది. లైసెన్స్ మార్చాలంటే వాళ్లందరినీ వెతికి ఒప్పించాలి. అందుకే కెర్నెల్ లైసెన్స్ అయిన జీపీఎల్ రెండో వెర్షన్ అక్కడ కదలదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను లైసెన్స్ పేరు కంటే ముందు ‘కాంట్రిబ్యూటింగ్’ ఫైలులో సీఎల్‌ఏ ఉందా, ఉంటే హక్కులు కంపెనీకి వెళ్తున్నాయా, లాభాపేక్ష లేని ఫౌండేషన్‌కు వెళ్తున్నాయా అని చూస్తాను. రేపు ఏం జరగొచ్చో లైసెన్స్ కంటే ఆ ఫైలే నిక్కచ్చిగా చెబుతుంది.

టెర్రాఫామ్ లైసెన్స్ ఫైలును కూడా ఒకసారి తెరవండి, పైభాగం చాలు. బీఎస్‌ఎల్ అనే ఈ లైసెన్స్‌ను మరియాడీబీ వాళ్లు తయారుచేశారు. పైన ఖాళీలు పూరించే ఫారంలా ఉంటుంది. ‘అడిషనల్ యూజ్ గ్రాంట్’ అన్నచోట కంపెనీ తన మినహాయింపు రాసుకుంటుంది. హాషికార్ప్ రాసుకున్నది: ప్రొడక్షన్‌లో వాడుకోండి, మేం డబ్బుకు అమ్మేదానికి పోటీగా మాత్రం అందించకండి. ‘చేంజ్ డేట్’ అన్నచోట నాలుగేళ్లు. అంటే విడుదలైన నాలుగేళ్లకు ఆ వెర్షన్ తనంతట తానే ఎంపీఎల్‌లోకి వెళ్లిపోతుంది. నాలుగేళ్ల పాత క్లౌడ్ టూల్ ఎవరికి పనికొస్తుందన్నది వేరే ప్రశ్న. ఇక్కడ కూడా ఓపెన్‌టోఫు పేరుతో ఫోర్క్ వచ్చింది, 2023 సెప్టెంబరులో లైనక్స్ ఫౌండేషన్‌లో చేరింది. ఫీజు దండగేనా అన్న విద్యార్థులకు జవాబు కూడా ఇందులోనే ఉంది. నేర్చుకున్న కాన్ఫిగరేషన్ భాష రెండిటికీ ఉమ్మడిదే, కాబట్టి చదివింది ఎక్కడికీ పోదు.

రెడిస్ కథకు ఇంకో మలుపు ఉంది. 2024 చివర్లో శాన్‌ఫిలిప్పో కంపెనీకి తిరిగొచ్చారు, ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కోసం వాదించారు. 2025 మే నెలలో వచ్చిన రెడిస్ 8 నుంచి ఏజీపీఎల్ మూడో వెర్షన్‌ను మూడో ఎంపికగా కలిపారు. అది ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఆమోదించిన లైసెన్సే. అంటే ‘రెడిస్ ఓపెన్ సోర్స్ కాదు’ అన్న పాత వ్యాసం ఇవాళ మీ వాట్సాప్‌లోకి వస్తే అది తప్పు. తేదీ చూడకుండా టెక్ వార్తను ముందుకు పంపొద్దని మొదటి పాఠం నుంచి నేను గొంతు చించుకుంటున్నది ఇందుకే. అయితే వెళ్లినవాళ్లు వెనక్కి రాలేదు. ఫెడోరా 41లో రెడిస్ స్థానంలో వాల్కీ కూర్చుంది. అమెజాన్ 2024 అక్టోబరులో వాల్కీ సర్వీసు తెచ్చి, సొంతంగా నోడ్లు (సర్వర్లు) ఎంచుకునేవాళ్లకు రెడిస్ కంటే 20 శాతం తక్కువ ధర పెట్టింది. అమెజాన్‌ను కట్టడి చేద్దామని మొదలైన లైసెన్స్ మార్పు చివరికి అమెజాన్ చేతికే చౌక సరుకు అందించింది. ఇది నా అభిప్రాయం. కంపెనీవాళ్లు ఇంకోలా చెప్పొచ్చు, తప్పేం లేదు.

ఈసారి హోంవర్కు రెండు ముక్కలు. మొదటిది తేలిక: ఎలాస్టిక్‌సెర్చ్ రిపాజిటరీలో 7.10.2, 7.11.0 ట్యాగుల దగ్గర లైసెన్స్ ఫైళ్లు పోల్చండి. ఆ తర్వాత 2024లో ఆ కంపెనీ ఏం కలిపిందో చూసి, ఓపెన్‌సెర్చ్ ఫోర్క్ ఏ వెర్షన్ నుంచి బయల్దేరిందో రాసుకోండి. రెండోది వచ్చే పాఠానికి దారి: మెటా విడుదల చేసిన లామా 2 అనే ఏఐ మోడల్ లైసెన్స్ తెరిచి, నెలకు 70 కోట్ల వాడుకరుల ప్రస్తావన ఎక్కడుందో పట్టుకోండి. దాన్ని పైన చెప్పుకున్న పది సూత్రాల పక్కన పెట్టి, ఎన్నో సూత్రం దగ్గర పేచీ వస్తుందో కారణంతో సహా రెండు వాక్యాల్లో రాయండి.