నేర సిద్ధాంతాలను ఒక దొంగతనం మీద పెట్టి చూడటం ఎలా?

ఆదివారం ఉదయం విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి వరండాలో సమాజశాస్త్రం చెప్పించుకునే పిల్లలు నేరానికి కారణాల మీద వ్యాసం రాసి తెస్తారు. నేరం గురించి సిద్ధాంతాలు చెప్పిన సమాజశాస్త్రవేత్తలు డర్ఖైమ్ ఒక పేరా, మెర్టన్ ఒక పేరా, బెకర్ ఒక పేరా, చివరికి "అన్ని సిద్ధాంతాల్లోనూ కొంత నిజం ఉంది" అని ముగింపు. ఆ వాక్యాన్ని నేను కొట్టేస్తాను. ఈ సిద్ధాంతాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. ఒకటి రాసిచ్చిన మందు మరొకదాని లెక్కలో విషం. ఆ పోట్లాట ఎక్కడుందో పట్టుకోవడానికి నేను పిల్లల చేత చేయించే పని ఇది.

ముందు ఒకే ఒక్క నేరాన్ని తీసుకుని, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాయండి. "పేదరికం వల్ల", "చెడు సావాసం వల్ల" అనే మాటలు ఈ కాగితం మీద రాకూడదు, అవి అప్పుడే తీర్పులు. నేను నా సొంత కాగితమే చూపిస్తాను. 2019 మేలో పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కుతుంటే నా ఫోను పోయింది. పాతది, నాలుగు వేలు కూడా చేయదు. మూడు వారాలకు దొరికింది. తీసినవాడికి పంతొమ్మిదేళ్లు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో చేరాడు. ఆ షెడ్డు మార్చిలో మూతపడింది. అంతకుముందు అతని మీద కేసు లేదు. అతనితోపాటు పని పోయినవాళ్లు మరో పదకొండు మంది.

ఆ పదకొండు మందిని మరిచిపోకండి. అసలు పరీక్ష పెట్టేది వాళ్లే.

ఇప్పుడు ఒక్కొక్క సిద్ధాంతాన్ని పిలిచి రెండు ప్రశ్నలు అడగండి: ఈ కుర్రాడి గురించి ఏం చెబుతావు? ఆ పదకొండు మంది గురించి ఏం చెబుతావు? నేరం లేని సమాజం ఉండదని డర్ఖైమ్ 1895లోనే అన్నాడు. అది సమాజం మొత్తానికి సంబంధించిన మాట. ఒక్క మనిషి ముందు పెడితే పెద్దగా పలకదు, పక్కన పెట్టండి. 1938లో మెర్టన్ చెప్పింది దగ్గరగా తగులుతుంది. డబ్బు సంపాదించమని సమాజం అందరికీ చెబుతుంది, సంపాదించే దారి మాత్రం కొందరికే ఇస్తుంది. దారి లేనివాళ్లలో కొందరు అడ్డదారి వెతుక్కుంటారు. కుర్రాడి విషయంలో సరిపోయింది. కానీ దారి మూసుకుపోయింది పన్నెండు మందికి, జేబులో చెయ్యి పెట్టింది ఒక్కడు. ఇక్కడ మెర్టన్ తడబడతాడు.

సదర్లాండ్, హిర్షీ అనే మరో ఇద్దరి దగ్గర ఎక్కువసేపు ఆగండి, నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే. నేరం నేర్చుకుంటే వచ్చే విద్య అని సదర్లాండ్ సిద్ధాంతం. దగ్గరివాళ్ల నుంచి చేతివాటమూ వస్తుంది, "ఇందులో తప్పేముంది" అనే సమర్థింపూ వస్తుంది. పెద్ద కంపెనీల్లో మర్యాదస్తులు చేసే నేరాలను 1939లో ముందుకు తెచ్చింది కూడా ఆయనే. పేదరికమే కారణమైతే వాళ్లెందుకు చేస్తున్నారని అడిగాడు. 1969లో హిర్షీ ప్రశ్ననే తిరగేశాడు: మిగతావాళ్లు ఎందుకు చేయడం లేదు? ఇంటి మీద మమత, పోగొట్టుకోలేని పని, తీరిక లేని రోజు, చట్టం మీద నమ్మకం మనిషిని పట్టి ఉంచుతాయని, ఆ బంధాలు వదులైతే చెయ్యి జారుతుందని ఆయన జవాబు. ఆ పదకొండు మందిలో చాలామందికి భార్యాపిల్లలు, నెలనెలా కట్టాల్సిన చీటీ ఉన్నాయి.

ఇద్దరూ ఒకేసారి గెలవలేరు. తేల్చడానికి అడగాల్సింది ఒక్కటే: ఏది ముందు? దొంగ స్నేహం ముందు కుదిరి తర్వాత పని మీద మనసు పోయిందా, పని పోయి ఖాళీగా తిరుగుతుంటే ఆ స్నేహం దొరికిందా? సిమ్ తీసి ఫోను ఎక్కడ అమ్మాలో మా కుర్రాడికి చెప్పినవాడు షెడ్డు మూతపడ్డాకే పరిచయమయ్యాడు. కాబట్టి ఈ కాగితం వరకు నేను హిర్షీ వైపు. మీ కాగితంలో తేదీలు తారుమారైతే మీరు సదర్లాండ్ వైపు వెళ్లాలి.

బెకర్ (1963) నేరం దగ్గర మొదలుపెట్టడు, సమాజం ఒక మనిషి మీద వేసే "నేరస్థుడు" అనే ముద్ర దగ్గర మొదలుపెడతాడు. దీనికి ఉదాహరణ కోసం అమెరికా వెళ్లనక్కర్లేదు. 1871 చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని రాసేసింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా ముద్రపడిన ఎరుకల కుటుంబాల కోసం వెలిసిన సెటిల్‌మెంటు. 1952లో ఆ చట్టం పోయింది, ఊరి పేరు చెబితే పని ఇవ్వని మనుషులు పోలేదు. మన పటమటలోని నాస్తిక కేంద్రం నుంచి లవణం, జాషువా కుమార్తె హేమలతా లవణం ఆ కుటుంబాల మధ్యకు వెళ్లి, వాళ్లు నేరం వదిలి బతికేందుకు ఏళ్ల తరబడి పనిచేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయినా పిల్లలకు లోపం కూడా చెబుతాను: మా కుర్రాడు మొదటిసారి చెయ్యి పెట్టినప్పుడు అతని మీద ఏ ముద్రా లేదు. స్టేషన్లో ఒకాయన "వీడిక మారడు" అని నా ముందే అన్నాడు. బెకర్ అవసరం ఆ క్షణం నుంచి మొదలవుతుంది.

తర్వాత ప్రతి సిద్ధాంతం పక్కన దాని పరిష్కారం రాయండి. మెర్టన్‌కు ఉపాధి, హిర్షీకి వెంటనే మరో షెడ్డులో చోటు, బెకర్‌కు రికార్డులో పేరు ఎక్కకుండా చూడటం. సదర్లాండ్ లెక్కలో జైలు దొంగతనం నేర్పే బడి. కాపలా లేనిచోట అవకాశం దొరికితే నేరం జరుగుతుందన్న కోహెన్, ఫెల్సన్ (1979) కుర్రాడి సంగతే ఎత్తరు: కాపలా పెంచు, సంచి జిప్పు వేసుకో. దాంతో నా ఫోను దక్కుతుంది, అతని బతుకు మారదు.

చివరిగా 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్ చదవండి. అయిదు వేల రూపాయల లోపు దొంగతనం, మొదటిసారి శిక్ష పడినవాడు, సొత్తు తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. ఇందులో సదర్లాండ్ భయం, బెకర్ భయం రెండూ కనిపిస్తాయి. మెర్టన్ అడిగిన ఉద్యోగం మాత్రం ఎక్కడా లేదు.

పరీక్షలో చివరి నాలుగు పంక్తుల్లో ఒక్క సిద్ధాంతాన్ని ఎంచుకుని, ఏ ఆధారం దొరికితే దాన్ని వదులుకుంటారో రాయండి.