తూకం కుదిరాకే కెమెరా: మన పందొమ్మిది డిగ్రీల ఆకాశం కింద ఈక్వటోరియల్ మౌంట్

పర్లాకిమిడిలో మా డాబా మీద ఉత్తరం వైపు తిరిగి, చెయ్యి పూర్తిగా చాచి, పిడికిలి మీద పిడికిలి పెడితే, పై పిడికిలి అంచుకి కాస్త దిగువన ధ్రువ నక్షత్రం ఉంటుంది. చాచిన చేతికి ఒక పిడికిలి సుమారు పది డిగ్రీలు. పర్లాకిమిడి అక్షాంశం 18.8, గుణుపురం 19.1, రాయగడ 19.2, బరంపురం 19.3. అక్షాంశం ఎంతో ఆకాశంలో ధ్రువం ఎత్తు అంతే, కాబట్టి మనందరికీ అది రెండు పిడికిళ్ళ లోపే. ఒడిశాలోని ఖండపడా వాడైన ఖగోళజ్ఞుడు పఠాణి సామంత (1835–1904) వెదురు, కర్రలతో చేసుకున్న పరికరాలతోనే గ్రహాల స్థానాలు కొలిచాడు, మనం మాత్రం ఈక్వటోరియల్ మౌంట్ (ఒక ఇరుసుని ధ్రువం వైపు గురిపెట్టి, టెలిస్కోపుని నక్షత్రాల వెంట మోటార్‌తో తిప్పే స్టాండు) పెట్టేటప్పుడు ఈ రెండు పిడికిళ్ళ లెక్క కూడా మరిచిపోతాం. మౌంట్ బిగించడం నేర్పే వీడియోలు ఎక్కువగా నలభై, యాభై డిగ్రీల అక్షాంశంలో ఉన్నవాళ్ళు చేసినవి. వాళ్ళకి ధ్రువం చాలా ఎత్తున ఉంటుంది, వాళ్ళ మౌంట్ వాలు వేరు, వాళ్ళకి రాని ఇబ్బందులు మనకి వస్తాయి. అందుకే ఇది మన వైపు వాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు మోటార్ మీద పడే పని ఎంతో తెలియాలి. భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది, అంటే నక్షత్రాలు సెకనుకి 15 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) చొప్పున జరుగుతాయి. 600 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ట్యూబ్ (టెలిస్కోపు గొట్టం), 3.76 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరా తీసుకుంటే ఒక పిక్సెల్ దాదాపు 1.3 ఆర్క్‌సెకన్లు. మోటార్ ఆగిందంటే నక్షత్రం సెకనుకి పదకొండు పిక్సెళ్ళు దాటిపోతుంది. ఏడెనిమిది కిలోల సామాను మోస్తూ ఆ పదకొండు పిక్సెళ్ళనీ రాత్రంతా, ప్రతి సెకనూ సరిచేస్తూ పోవాలి ఆ చిన్న మోటార్. తూకం తప్పిన మౌంట్‌ని గైడింగ్ సాఫ్ట్‌వేర్ (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్ కదలికని దిద్దేది) సర్దేస్తుందని నమ్మి నేను ఒక చలికాలం పోగొట్టుకున్నాను. గైడింగ్ చిన్న తప్పుల్ని దిద్దుతుంది, అంతే. బరువు పని చేతితోనే ముందు తేల్చుకోవాలి.

ట్రైపాడ్ ఎక్కడ పెడుతున్నామన్నది చాలామంది పట్టించుకోరు. డాబా అయితే స్లాబ్ నడుమ వద్దు, మీరు అటూ ఇటూ నడిచినా, కింద ఎవరైనా తలుపు గట్టిగా వేసినా ఆ అదురు ఫోటోలో కనిపిస్తుంది. కింద పిల్లర్ గానీ బీమ్ గానీ ఉన్న చోట, పిట్టగోడ దగ్గరగా పెట్టండి. కోరాపుట్ వైపు ఎర్రమట్టి నేల మీదో, కోతలు అయిపోయిన మడిలోనో పెడితే ప్రతి కాలు కింద ఒక నాపరాయి ముక్క వెయ్యండి, లేకపోతే గంటలో ఒక కాలు అర సెంటీమీటరు దిగబడి అలైన్‌మెంట్ అంతా పోతుంది. కాళ్ళు ఎంత పొట్టిగా ఉంచితే అంత గట్టి, నిలబడి చూసే సౌకర్యం కోసం సాగదీయకండి, ఫోటో తీసేది కెమెరా గదా. లెవెల్‌కి మౌంట్‌లో ఉండే చిన్న బుడగ కన్నా తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం నయం. అయితే లెవెల్ కోసం ప్రాణం పెట్టక్కర్లేదు, ఇరుసు ధ్రువం వైపు చూడటమే అసలు సంగతి. లెవెల్ బాగుంటే ఎత్తు మరను తిప్పినప్పుడు ఎత్తు మాత్రమే మారుతుంది, పక్కకి జరగదు, ఉపయోగం అది.

ఉత్తరం పట్టుకోవడానికి ఫోన్‌లో కంపాస్ చాలు, కానీ డాబా మీద ఒక జాగ్రత్త. పై అంతస్తు ఎప్పుడో వేద్దామని మన ఇళ్ళ మీద పిల్లర్ల ఊచలు వదిలేస్తాం గదా, వాటి పక్కన ఫోన్ పెడితే ముల్లు ఎటో చూపిస్తుంది. ట్రైపాడ్ ఇనుము కూడా అంతే. నాలుగడుగులు దూరం జరిగి దిక్కు చూసుకుని, ఆ దిక్కున దూరంగా ఒక చెట్టో సెల్ టవరో గుర్తు పెట్టుకుని వచ్చి మౌంట్‌ని దాని వైపు తిప్పండి.

ట్రైపాడ్ కాలు ఒకటి ఉత్తరానికి ఉండాలి, ఎందుకంటే సామాను బరువు ఆ వైపుకే వాలుతుంది. అయితే మన అక్షాంశంలో కౌంటర్‌వెయిట్ షాఫ్ట్ (ట్యూబ్‌కి ఎదురు బరువులు వేసే కడ్డీ) దాదాపు నిట్టనిలువుగా వేలాడుతుంది, నిలువుకి పందొమ్మిది డిగ్రీలే తేడా. అంటే ఆ బరువు సరిగ్గా ఉత్తరపు కాలికి దగ్గరగా వస్తుంది. కొన్ని మౌంట్లలో షాఫ్ట్ చివరికి జరిపిన బరువు కాలికి తగులుతుంది కూడా. కరెంటు పెట్టకముందే క్లచ్ (ఇరుసు తిరగకుండా బిగించే మీట) వదిలి, షాఫ్ట్‌ని చేత్తో అటు నుంచి ఇటు పూర్తిగా ఒకసారి తిప్పి చూసుకోండి. తగిలితే బరువుని పైకి జరపడమో, మౌంట్ కింద పొడుగు పియర్ ముక్క (మౌంట్‌ని ట్రైపాడ్ మీద ఎత్తుగా నిలిపే గొట్టం) వెయ్యడమో దారి. ఇంకో మాట, అక్షాంశం సరిచేసే మరలు ఇంత తక్కువ కోణంలో బాగా ఒత్తిడి మీద ఉంటాయి, నిండు బరువుతో ఆ మరని బలవంతంగా తిప్పితే వంగిపోతుంది. స్కేలు మీద 19 దగ్గరికి సామాను ఎక్కించకముందే తెచ్చేసుకోండి, తర్వాత మిగిలేది చిటికెడు సవరింపే, అది కూడా ఒక చేత్తో ట్యూబ్‌ని కొంచెం ఎత్తి పట్టుకుని.

సామాను ఎక్కించే వరస మార్చకండి. బరువులు ముందు, ట్యూబ్ తర్వాత. షాఫ్ట్ చివర చిన్న స్క్రూ ఉంటుంది, బరువు జారినా కాలి మీద పడకుండా ఆపేది అదే, దాన్ని తియ్యగానే జేబులో వేసుకుని బరువు పెట్టగానే మళ్ళీ బిగించండి. మౌంట్ ఎన్ని కిలోలు మోస్తుందని డబ్బా మీద రాసి ఉంటే ఫోటోగ్రఫీకి అందులో సగం, మహా అయితే మూడింట రెండు వంతులు లెక్కవేసుకోండి.

ఇక తూకం. గుణుపురం సంతకి కావడి మోసుకొచ్చేవాళ్ళని చూడండి. ఒక వైపు పనసకాయలు, ఇంకో వైపు చింతపండు బుట్ట ఉంటే రెండూ సమానం చెయ్యడానికి కాయలు తీసి పక్కన పెట్టరు, బద్ద కింద భుజాన్ని బరువు వైపుకి నాలుగు వేళ్ళు జరుపుతారు. మౌంట్ మీద సాడిల్ (ట్యూబ్‌ని పట్టి ఉంచే బిగింపు) ఆ భుజం, ట్యూబ్ ఆ బద్ద. మౌంట్‌కి రెండు ఇరుసులు: ధ్రువం వైపు చూసేది ఆర్.ఏ., దానికి అడ్డంగా ఉండి ట్యూబ్‌ని ఉత్తర దక్షిణాలకి తిప్పేది డెక్. మొదట డెక్ తూకం చూడండి. షాఫ్ట్‌ని నేలకి సమంగా అడ్డంగా తెచ్చి ఆర్.ఏ. క్లచ్ బిగించండి, ట్యూబ్‌ని కూడా అడ్డంగా పెట్టండి, ఒక చెయ్యి ట్యూబ్ కింద ఉంచి రెండో చేత్తో డెక్ క్లచ్ మెల్లగా వదలండి. కెమెరా వైపు వాలితే క్లచ్ మళ్ళీ బిగించి, సాడిల్ మరలు కొద్దిగా వదులు చేసి ట్యూబ్‌ని ముందుకి జరపండి. మరలు వదిలేటప్పుడు ట్యూబ్‌ని కౌగిలించుకున్నట్టు పట్టుకోవాలి, జారిందంటే అంతే సంగతి.

ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. చలిలో గ్రీజు గట్టిపడితే తూకం లేకపోయినా ట్యూబ్ కదలకుండా నిలబడుతుంది, మనం కుదిరిందనుకుంటాం. అందుకని వదిలేసి చూడటంతో ఆగకుండా చూపుడు వేలుతో ట్యూబ్ ఒక కొసని కొంచెం కిందికి నొక్కండి, తర్వాత రెండో కొసని అంతే దూరంలో నొక్కండి. రెండు వైపులా వేలికి ఒకే బిగువు తగిలితే కుదిరినట్టు. తర్వాత ట్యూబ్‌ని నిలువుగా ఆకాశం వైపు పెట్టి ఇంకోసారి వదలండి. పైన గైడ్‌స్కోపు (గైడింగ్‌కి వాడే చిన్న టెలిస్కోపు), పక్కన ఫోకస్ మోటార్ లాంటివి ఉంటే అడ్డంగా కుదిరిన తూకం నిలువులో కుదరదు, పక్కకి ఒరుగుతుంది. అప్పుడు గైడ్‌స్కోపుని జరపడమో, ఎదుటి వైపు చిన్న బరువు కట్టడమో చెయ్యాలి.

ఆర్.ఏ. తేలిక. షాఫ్ట్ అడ్డంగా, డెక్ బిగించి, ఆర్.ఏ. క్లచ్ వదిలి బరువుని షాఫ్ట్ మీద జరపడమే. రెండు బరువులు ఉంటే రెండూ వాడండి. ఐదు కిలోల బరువు ఒకటి ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఉంటే వచ్చే తూకమే, అలాంటివి రెండు పది సెంటీమీటర్ల దగ్గర ఉన్నా వస్తుంది, కానీ కదలికకి ఎదురు తిరిగే జడత్వం దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి రెండో పద్ధతిలో అది సగానికి తగ్గుతుంది. గాలి కొడితే మౌంట్ తొందరగా కుదుటపడుతుంది, గోపాల్‌పూర్ తీరం దగ్గర పెట్టేవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. కుదిరిన చోట షాఫ్ట్ మీద ఇన్సులేషన్ టేప్ చుట్టి గుర్తు పెట్టుకోండి, మర్నాడు పది నిమిషాలు మిగులుతాయి.

నా చలికాలం పోయింది ఎక్కడంటే, నేను తూకం చూసింది ఉత్త ట్యూబ్‌కి, కెమెరాకి. ఆ తర్వాత మంచు పట్టకుండా హీటర్ పట్టీ కట్టేవాణ్ణి, మూడు కేబుళ్ళు తగిలించేవాణ్ణి, ముందు మూత తీసేవాణ్ణి. ఒక రాత్రి ఓరియన్ నెబ్యులా మీద మూడేసి నిమిషాల ఎక్స్‌పోజర్లు పెడితే గైడింగ్ గ్రాఫ్ రంపప్పళ్ళలా గీసుకుంటూ పోయింది, నక్షత్రాలన్నీ బియ్యపు గింజలు. టార్చి వేసి చూస్తే కెమెరా కేబుల్ తిన్నగా నేలకి వేలాడుతూ, మౌంట్ తిరిగే కొద్దీ ఒక వైపుకి లాగుతోంది. కాబట్టి ఫోటో తీసేటప్పుడు ఏమేం ఉంటాయో అవన్నీ తగిలించి, మూత తీసి, ఫోకస్ దాదాపుగా కుదిర్చి, అప్పుడు తూకం చూడండి. కేబుళ్ళన్నీ ఒక జడలా కట్టి సాడిల్ దగ్గర పట్టీతో బిగించి, అక్కడి నుంచి తిరగడానికి సరిపడా వదులుతో కిందికి దించండి.

గేర్లున్న మౌంట్‌కి సరిసమానమైన తూకం కూడా మంచిది కాదు. గేర్ పళ్ళ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది, బరువు ఎటూ లేకపోతే పళ్ళు ఆ ఖాళీలో ఊగుతాయి. తూర్పు వైపు పిసరంత బరువు ఎక్కువ ఉంటే మోటార్ ఎప్పుడూ ఎత్తుతూనే ఉంటుంది, పళ్ళు ఒకే ముఖం మీద ఆనుకుంటాయి. ట్యూబ్ మౌంట్‌కి పడమటి పక్కన ఉండి తూర్పు ఆకాశాన్ని చూస్తున్నప్పుడు బరువు తూర్పున ఉంటుంది గనక దాన్ని నాలుగైదు మిల్లీమీటర్లు బయటికి జరపండి. నడిరేఖ (ఉత్తరం నుంచి నెత్తి మీదుగా దక్షిణానికి వెళ్ళే గీత) దాటాక ట్యూబ్ పక్క మారుతుంది, అప్పుడు బరువుని సమతూకం గుర్తు నుంచి అంతే లోపలికి. ఈ రెండో సగం చాలామంది మరిచిపోయి, అర్ధరాత్రి దాటాక ఫోటోలు ఎందుకు పాడయ్యాయో తెలియక టెన్షన్ పడతారు. హార్మోనిక్ మౌంట్లకి (పళ్ళ మధ్య ఖాళీ లేని వేరే రకం గేర్లున్నవి) ఈ పని లేదు, చాలావాటికి అసలు బరువులే అక్కర్లేదు. కాకపోతే అవి ఒక పక్కకి బోల్తా పడే ప్రమాదం ఉంది, కాళ్ళు బాగా వెడల్పు చెయ్యండి.

ధ్రువానికి గురి చివర్లోనే. సామాను బరువుకి ట్రైపాడ్ కొంత సర్దుకుంటుంది, ముందే గురి చూస్తే అది చెడుతుంది. చలికాలం సాయంత్రాలు సప్తర్షులు మనకి దిగంతం కిందే ఉంటాయి, అప్పుడు ఎం ఆకారంలో ఉన్న కాసియోపియా నక్షత్రమండలాన్ని చూసి వెతకండి. ఏప్రిల్, మే సాయంత్రాలు సప్తర్షుల్లోని క్రతు, పులహ నక్షత్రాలు దారి చూపిస్తాయి. ధ్రువ నక్షత్రాన్నే పోలార్ స్కోపు (ఆర్.ఏ. ఇరుసు వెంట చూసి గురి పెట్టే చిన్న దుర్భిణి) నట్టనడుమ పెట్టి సరిపోయిందనుకోకండి. అది అసలు ధ్రువానికి సుమారు 38 ఆర్క్‌నిమిషాల దూరంలో, అంటే నిండు చంద్రుడి వెడల్పు కన్నా ఎక్కువ దూరంలో తిరుగుతూ ఉంటుంది. అంత తప్పుతో నక్షత్రం నిమిషానికి పది ఆర్క్‌సెకన్ల దాకా పక్కకి జారుతుంది, పైన చెప్పిన కెమెరాలో ఏడెనిమిది పిక్సెళ్ళు. ఫోన్‌లో పోలార్ అలైన్‌మెంట్ యాప్ ఆ క్షణానికి నక్షత్రం గడియారంలో ఎన్ని గంటల దగ్గర ఉండాలో చూపిస్తుంది, అక్కడికి తెండి. పోలార్ స్కోపులో బొమ్మ తలకిందులని గుర్తుంచుకోండి. ఎత్తు మర, పక్క మరలు మాత్రమే తిప్పాలి, హ్యాండ్ కంట్రోలర్ ముట్టుకోవద్దు.

మన దగ్గర ఇంకో ఇబ్బంది. పందొమ్మిది డిగ్రీల ఎత్తులో ఉన్న నక్షత్రం వెలుగు, నెత్తి మీది నక్షత్రం వెలుగు కన్నా మూడింతలు గాలి దాటి రావాలి. మార్చి, ఏప్రిల్‌లో కొండల మీద పోడు కాల్చే పొగ ఉంటే ధ్రువ నక్షత్రం కంటికి ఆనదు, ఉత్తరాన కొండ ఉంటే అసలే లేదు. నీనా (N.I.N.A.) లాంటి ఆకాశ ఫోటోగ్రఫీ సాఫ్ట్‌వేర్‌తో ఆకాశంలో వేరే చోట మూడు ఫోటోలు తీసి ఇరుసు ఎంత తప్పిందో లెక్క కట్టించవచ్చు. అది లేకపోతే పాత డ్రిఫ్ట్ పద్ధతి ఉండనే ఉంది. గైడింగ్ ఆపి, దక్షిణాన నడిరేఖ దగ్గర, ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి సూటిగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దాపుల్లో ఒక నక్షత్రాన్ని క్రాస్‌హెయిర్ మీద పెట్టి ఐదు నిమిషాలు చూడండి. అది దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకి ఎక్కువ తిరిగి ఉంది, ఉత్తరానికి జారితే పడమటికి. తర్వాత తూర్పున తక్కువ ఎత్తులో ఇంకో నక్షత్రం. అది దక్షిణానికి జారితే ఇరుసు కిందికి ఉంది, ఉత్తరానికి జారితే పైకి. ఓపిక కావాలి, అరగంట పడుతుంది.

గురి కుదిరాక ఒక రెండు నిమిషాల ఫోటో తీసి నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి, తృప్తిగా ఉంటేనే వరస మొదలుపెట్టండి. తెల్లవారి సర్దేటప్పుడు నిద్రమత్తులో చేతులు ముందు బరువుల మీదికే వెళ్తాయి. ముందు ట్యూబ్ దించండి. బరువులు ఆ తర్వాతే, షాఫ్ట్ కిందికి వేలాడుతుండగా.