నెలలు నిండాక కాన్పుకు ఎలా సిద్ధపడాలి, నొప్పులను ఎలా గుర్తించాలి?

కాన్పు తేదీ తెలియగానే ఇంట్లో క్యాలెండరు మీద ఆ గడి చుట్టూ సున్నా చుడతారు. ముందుగా ఆ తేదీ ఎలా వస్తుందో తెలుసుకోవాలి. చివరి నెలసరి మొదలైన రోజుకు తొమ్మిది నెలలు, ఆపైన ఏడు రోజులు కలిపితే సుమారు 280 రోజులు, అంటే 40 వారాలు అవుతాయి. నెలసరి క్రమం తప్పే వారికి ఈ లెక్క సరిపోదు కనుక, మొదటి మూడు నెలల్లో తీయించిన స్కానింగు రిపోర్టులోని తేదీనే నమ్మాలి. ఆ కాగితాన్ని చివరివరకూ భద్రంగా ఉంచుకోవాలి. సరిగ్గా ఆ రోజునే పుట్టే పిల్లలు నూటికి అయిదుగురికి మించరు. 37 వారాలు నిండాక నొప్పులు ఎప్పుడైనా రావచ్చు. 40 దాటినంత మాత్రాన గాభరా పడనక్కరలేదు కానీ, 41 వారాలు నిండేలోగా ఏం చేయాలో డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

తరువాతి పని తొందరపడకుండా ఉండటం. చివరి వారాల్లో బిడ్డ ఒళ్ళు చేయడం తప్ప మరేమీ జరగదని చాలామంది అనుకుంటారు. నిజానికి 35వ వారంలో బిడ్డ మెదడు బరువు, నెలలు నిండాక ఉండవలసిన దానిలో సుమారు మూడింట రెండు వంతులే. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే పదార్థం సమృద్ధిగా తయారయ్యేదీ, తల్లి రక్తంలోని, రోగాలను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు మాయ గుండా ఎక్కువగా బిడ్డకు చేరేదీ ఆ చివరి రోజుల్లోనే. ‘ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదు’ అనే మాట అందుకే పూర్తిగా తప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషనుతో జరిగాయి. బిడ్డ బయటికి వచ్చే దారికి మాయ అడ్డంగా ఉన్నప్పుడో, బిడ్డ గుండె వేగం తగ్గినప్పుడో ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది, దానికి వెనకాడకూడదు. వైద్య కారణమేదీ లేకుండా, ముహూర్తం కోసం 39 వారాలు నిండకముందే బిడ్డను బయటికి తీయమని అడగడం మాత్రం ఆ పసికందుకు అన్యాయం చేయడమే.

ఎదురుచూసే రోజుల్లో ప్రతిరోజూ బిడ్డ కదలికలను గమనించాలి. భోజనం చేశాక, ఎడమవైపు తిరిగి పడుకుని, టీవీ, ఫోను పక్కన పెట్టి, కడుపు మీద చేయి వేసి లెక్కపెట్టాలి. తన్నడం, దొర్లడం, కుదుపు, అన్నీ లెక్కలోకే వస్తాయి, వెక్కిళ్ళు రావు. మా చెల్లెలి నెలలు నిండినప్పుడు మంచం పక్కన గోడకు పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి అంటించి, దారంతో పెన్సిలు కట్టాం. ఒక్కో కదలికకు ఒక గీత. రెండు గంటల్లోపు పది గీతలు పడాలి. చాలా రోజులు అరగంటలోనే పడిపోయేవి. కడుపులో బిడ్డ 20 నుంచి 40 నిమిషాల చొప్పున నిద్రపోతుంది కనుక కాసేపు నిశ్శబ్దంగా ఉండటం సహజమే. రెండు గంటలైనా పది రాకపోతే, లేదా అలవాటైన తీరుకంటే కదలికలు తగ్గాయనిపిస్తే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ‘చివరికొచ్చేసరికి చోటు చాలక కదలదులే’ అని పెద్దవాళ్ళు ధైర్యం చెబుతారు, ఆ మాట నమ్మవద్దు.

బ్యాగు 36వ వారానికల్లా సర్దుకోవాలి: మాతా శిశు రక్షణ కార్డు, స్కానింగు, రక్తపరీక్షల కాగితాలు, ఆధార్, తల్లికి వదులు దుస్తులు, ప్యాడ్లు, బిడ్డకు ఉతికిన మెత్తటి నూలుబట్టలు. తొలిచూలుకు పుట్టింటికి వెళ్ళేవారు కాన్పు జరగబోయే ఆసుపత్రిలో ముందే ఒకసారి చూపించుకుంటే, అర్ధరాత్రి వెళ్ళినా అక్కడ వారి వివరాలు ఉంటాయి. 108 నంబరు, ఆశా కార్యకర్త నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషనుతో సహా, 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం.

ఇక నొప్పులు. దొంగ నొప్పులు పొత్తికడుపులో పట్టేసినట్టు వచ్చి, నాలుగడుగులు నడిస్తేనో, పక్కకు ఒత్తిగిలితేనో సర్దుకుంటాయి. వాటికి క్రమం ఉండదు. అసలు నొప్పులు ఎక్కువగా నడుములో మొదలై ముందుకు పాకుతాయి, ఏం చేసినా తగ్గవు, రానురాను దగ్గరవుతాయి. నొప్పి వచ్చినప్పుడు కడుపు మీద చేయి వేసి చూడండి: ముక్కు కొనలా మెత్తగా ఉంటే అది తేలిక నొప్పి, గడ్డంలా తగిలితే మధ్యరకం, నుదురులా గట్టిపడితే బలమైన నొప్పి. ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి మరో నొప్పి మొదలయ్యేవరకు ఎంతసేపో గడియారం చూసి రాసుకోవాలి. అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయలుదేరాలి. మలిచూలువారు, ఆసుపత్రికి దూరంగా ఉన్నవారు అంతవరకూ ఆగకూడదు.

కొన్ని సందర్భాల్లో నొప్పులతో పనిలేకుండా వెంటనే వెళ్ళాలి: ఉమ్మనీరు పోయినప్పుడు, ముఖ్యంగా అది ఆకుపచ్చగా ఉన్నప్పుడు, నెత్తుటి జీర కాకుండా ధారగా రక్తం పోయినప్పుడు, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, జ్వరం వచ్చినప్పుడు, 37 వారాలు నిండకముందే నొప్పులు మొదలైనప్పుడు.

ఆసుపత్రిలో గర్భాశయ ముఖద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా ఓపిక పట్టాలి. 5 సెంటీమీటర్లు దాటాక కూడా తొలిచూలుకు 12 గంటల దాకా పట్టవచ్చు. ఈలోగా అటూ ఇటూ నడవడం, డాక్టరు వద్దనకపోతే నీళ్ళు, మజ్జిగ తాగడం, తోడున్నవారు నడుము రాయడం ఎంతో మేలు చేస్తాయి. ముఖద్వారం పూర్తిగా తెరుచుకుని, ముక్కాలని దానంతట అదే అనిపించినప్పుడే ముక్కాలి. దారి ఇరుకు కనుక బిడ్డ పుర్రె ఎముకలు ఒకదానిమీద ఒకటి జరిగి తల పొడుగ్గా కనిపిస్తుంది. కొద్ది రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది, నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు తల నొక్కనక్కరలేదు.

బిడ్డ పుట్టగానే తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టాలి, బాగా ఏడుస్తున్న బిడ్డకు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి బొడ్డుతాడు కోయాలి, గంటలోపు ముర్రుపాలు పట్టాలి. తేనె, పంచదార నీళ్ళు వద్దు. మాయ సాధారణంగా అరగంటలోపు పడుతుంది. ఆ సమయంలో ఇంటివాళ్ళంతా బిడ్డ చుట్టూ చేరతారు. ఒక్కరైనా బాలింత దగ్గరే కూర్చోవాలి. గంట తిరగకముందే ప్యాడు పూర్తిగా తడిసిపోతున్నా, కళ్ళు తిరుగుతున్నాయని ఆమె అన్నా, ఆ క్షణమే నర్సును పిలవాలి.