యాసంగి వరిలో తాలు గింజలు: మందు కొనే ముందు కంకి లాగి చూడండి

సమస్య: ఏప్రిల్‌లో పక్క పొలంలో కంకులు బరువుకు వంగిపోతుంటాయి, మీ పొలంలో మాత్రం నిటారుగా నిలబడి ఉంటాయి. గింజ నొక్కితే లోపల ఏమీ ఉండదు.

మొదటి పరీక్ష: నిలబడ్డ కంకిని పట్టుకుని పైకి లాగండి. తేలిగ్గా ఊడొచ్చి, మొదట్లో కొరికిన గుర్తు ఉంటే అది కాండం లోపల తొలిచే మొగి పురుగు. దాని దెబ్బకు కంకి తెల్లబడిపోయాక ఎంత మందు కొట్టినా ఆ కంకి గింజ పట్టదు. ఎంత చెప్పినా ఈ చిన్న పని చేయకుండానే షాపుకు పోతున్నారు, వేలకు వేలు పోతున్నాయి.

కంకి ఊడి రాలేదు, పచ్చగానే ఉంది, గింజలే తాలు. అయితే పూత సమయంలో ఎండ దెబ్బ తగిలిందేమో చూడండి. దీన్ని పట్టుకోవడం కష్టం. వరి పువ్వు ఎక్కువగా ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య విచ్చుకుని, గంట అటూ ఇటూగా మూసుకుంటుంది. ఆ కాసేపట్లో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి తిత్తులు సరిగా పగలవు, గింజ కట్టదు. ఆకు మాడదు, రంగు మారదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పది, పదిహేను రోజులకు తాలు బయటపడేసరికి ఆ ఎండ ఎవరికీ గుర్తుండదు. ఇక విత్తనం నకిలీదని గొడవ మొదలవుతుంది.

తాలు గింజ పొట్టు గోటితో విప్పండి. లోపల బియ్యం ఆనవాలే లేకపోతే పూతలోనే దెబ్బ తిన్నట్టు. పల్చటి, నొక్కుకుపోయిన బియ్యం ఉంటే గింజ కట్టాక పాలు ఆగిపోయినట్టు. అప్పుడు నీళ్లు ఎప్పుడు తెగాయో చూడండి. తర్వాత పూత రోజులు లెక్కేసి ఆ వారం ఎండ ఎలా ఉందో చూసుకోండి. పది రోజులు ముందు నాటిన పక్క పొలం బాగుందంటే అది ఎండ దెబ్బేనని దాదాపు తేలినట్టే.

పరిష్కారం: తాలైన గింజ మళ్లీ నిండదు. పూత ఇంకా మిగిలి ఉంటే మడి ఆరనివ్వకండి. వేరుకు నీరందితే ఆకు నుంచి ఆవిరి పోతుంది, కంకి దగ్గర వేడి తగ్గుతుంది. పూత మీద ఉదయం పూట ఏ మందూ కొట్టకండి, తప్పనిసరైతే సాయంత్రం కొట్టండి.

అసలు మందు నారు పోసే తేదీయే. ఎంటీయూ 1010 లాంటి 120 రోజుల రకం కోతకు నెల ముందు పూస్తుంది, చలికి ఇంకో పది రోజులు సాగుతుంది. నారు డిసెంబర్ మొదట్లో పోస్తే పూత మార్చి మధ్యలో అయిపోతుంది. జనవరిలో పోస్తే ఏప్రిల్ ఎండకు దొరికిపోతుంది.

ఎండను ఓర్చే రకాల కోసం పరిశోధకులు రెండు దారుల్లో పోతున్నారు. నగీనా 22 అనే పాత దేశీ రకం పూతలో వేడిని బాగా తట్టుకుంటుంది, ఆ గుణాన్ని కొత్త రకాల్లోకి ఎక్కిస్తున్నారు. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి పొద్దున్నే పూస్తుంది. దాని నుంచి తెచ్చిన జన్యు భాగంతో పువ్వు గంటన్నర, రెండు గంటలు ముందే విచ్చుకుంటోంది, అంటే వేడి ముదిరేలోపే పని అయిపోతుంది. నాకు ఎక్కువ ఆశ దీని మీదే. అలాంటి విత్తనం మీ చేతికొచ్చినా నారు తేదీ మాత్రం వదలకండి.

కంకి నల్లి అయితే గింజ మీద గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి, మెడవిరుపు తెగులు అయితే కంకి మెడ నల్లబడుతుంది. ఈ రెండూ చూడగానే తెలిసిపోతాయి. బోరాన్ అనే సూక్ష్మ పోషకం లోపం అరుదు, మట్టి పరీక్షలో తేలితేనే దాని జోలికి పోండి.