విశాఖలో చల్లని కాంక్రీటు ఇల్లు: ఖర్చు ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి

విశాఖపట్నంలో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టబోయేవారు మేస్త్రిని ముందుగా అడిగే ప్రశ్న ‘అడుగుకు ఎంత పడుతుంది?’ అన్నదే. ఆయన చెప్పే ఆ ఒక్క అంకెలో పునాది, పిల్లర్లు, శ్లాబు, గోడలు, టైల్సు, రంగులు అన్నీ కలిసిపోయి ఉంటాయి. మే నెలలో రాత్రి పదకొండు గంటలకు పడకగది ఎలా ఉంటుందన్నది మాత్రం అందులో ఉండదు. అందువల్ల ఇల్లు చల్లగా ఉండడానికీ, విద్యుత్తు తక్కువ ఖర్చు కావడానికీ పెట్టవలసిన అదనపు సొమ్మును అడుగు లెక్కలో కలపకుండా, మొదటి రోజు నుంచే వేరే కాగితం మీద రాసుకోవడం మంచిది.

ఉదాహరణగా 200 గజాల స్థలంలో 1,000 చదరపు అడుగుల శ్లాబుతో ఒకే అంతస్తు ఇల్లు అనుకుందాం. లెక్క కోసం అడుగుకు 2,200 రూపాయలు తీసుకుంటే మామూలు నిర్మాణానికి 22 లక్షలు అవుతుంది. ఇక్కడ రాసే ధరలన్నీ లెక్క చూపడానికి అనుకున్నవే కాబట్టి, మీకు వచ్చిన కొటేషన్లలోని రేట్లను వాటి స్థానంలో వేసుకోవాలి. పరిమాణాలు మాత్రం అంతగా మారవు. ఇలాంటి ఇంటికి సుమారు 400 బస్తాల సిమెంటు, మూడున్నర నుంచి నాలుగు టన్నుల ఇనుము పడతాయి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక, పాత కొటేషన్ చేతిలో పెట్టుకుని బేరమాడకూడదు. ఇసుక ఉచితమన్న మాట నిజమే అయినా తవ్వకం, లోడింగ్, లారీ కిరాయి మనమే భరించాలి. నదీ తీరం నుంచి నగరం దాకా అయ్యే రవాణాయే ఇసుక ఖర్చులో పెద్ద భాగం.

శ్లాబు మీద పడే ఎండ

విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు తొలి రోజుల్లో మరొకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ కాలమంతా ఎండ గోడల కన్నా కప్పు మీదే ఎక్కువగా పడుతుంది. పైగా ఇది సముద్ర తీరం. పగలు 35 డిగ్రీలుంటే రాత్రి 28కి దిగడం కూడా కష్టమే. పగటికీ రాత్రికీ బాగా తేడా ఉండే రాయలసీమలో మందపు గోడలు పగటి వేడిని ఆపి, రాత్రి చల్లగాలికి వదిలేస్తాయి. ఇక్కడ ఆ చల్లని రాత్రి లేదు కాబట్టి, రోజంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా మంచం మీదికి వేడిని దింపుతూనే ఉంటుంది. కాంక్రీటు మందం పెంచితే ఇల్లు చల్లబడుతుందన్న నమ్మకం ఈ ఊరికి సరిపోదు. వేడి కాంక్రీటును తాకకముందే ఆపాలి.

దీన్ని అంకెల్లో చూద్దాం. కప్పులో నుంచి వేడి ఎంత సులువుగా దిగుతుందో చెప్పే కొలత ‘యు విలువ’; అది ఎంత తక్కువైతే అంత మేలు. ఆరు అంగుళాల ఉత్త ఆర్‌సీసీ శ్లాబుకు ఇది సుమారు 3.3 ఉంటుంది. నివాస భవనాల కోసం కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పుకు ఇది 1.2 దాటకూడదు. మన 1,000 అడుగుల శ్లాబు అంటే 93 చదరపు మీటర్లు. ఎండలో కాగిన పైభాగానికీ గదికీ మధ్య తేడా 25 డిగ్రీలు అనుకుంటే, ఉత్త శ్లాబులో నుంచి దిగే వేడి దాదాపు 7,700 వాట్లు. ఒక టన్ను ఏసీ తోడిపోసేది 3,500 వాట్లే కనుక, రెండు ఏసీలు కేవలం కప్పు కోసమే పనిచేయవలసి వస్తుందన్నమాట. అదే శ్లాబు మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి నురుగు పలక) పరిస్తే యు విలువ 0.58కి, దిగే వేడి 1,350 వాట్లకు తగ్గుతాయి. 25 మిల్లీమీటర్ల షీటు వేసినా యు విలువ ఒకటికి లోపే ఉండి సంహిత పరిమితికి సరిపోతుంది. సొమ్ము బిగువుగా ఉన్నవారు దానితో ఆగి, పైన తెల్ల టైల్సు వేసుకోవచ్చు.

పరిచే క్రమం ముఖ్యం. శ్లాబు మీద ముందు వాటర్‌ప్రూఫింగ్, దానిపై షీటు, షీటుపై జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన నీరు పారేలా వాలుతో రెండు అంగుళాల కాంక్రీటు పూత, చివరగా తెల్ల టైల్సు లేదా చైనా మొజాయిక్ ముక్కలు రావాలి. ఆ పూత చదరపు మీటరుకు సుమారు 110 కిలోల బరువు కాబట్టి, డిజైను దశలోనే స్ట్రక్చరల్ ఇంజనీరుకు చెప్పాలి. షీటుకూ పైపూతకూ కలిపి అడుగుకు 120 రూపాయలు అనుకుంటే మొత్తం 1,20,000. లోపల ఫాల్స్ సీలింగ్ కొట్టిస్తే చాలని సలహా ఇచ్చేవారు ఉంటారు. అప్పుడు గదికి వేడి తగ్గుతుంది గానీ శ్లాబు మాత్రం రోజూ ఎండకు సాగుతూ రాత్రికి ముడుచుకుంటూ పగుళ్లు ఇస్తూనే ఉంటుంది. నా మటుకు ఆ ఖర్చు దండగ.

ఇక్కడ మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ‘పై అంతస్తు తరువాత వేసుకుందాం’ అని పిల్లరు చువ్వలు డాబా మీద మూరెడేసి వదిలేస్తాం. ఐదారేళ్లలో పైకి కట్టే ఆలోచన నిజంగా ఉంటే, షీటును కాంక్రీటులో కప్పేయకూడదు. దాన్ని ఊరికే పరిచి, పైన విడి సిమెంటు పలకలు బరువుగా పేర్చుకుంటే, తరువాత తీసి పై శ్లాబుకు వాడుకోవచ్చు. తుపాను గాలికి లేచిపోని బరువు ఎంతో మాత్రం ఇంజనీరే చెప్పాలి. ఆ చువ్వలను కూడా ఉప్పు గాలికి వదలకుండా, సిమెంటు పాలు పూసి, సిమెంటు తక్కువగా కలిపిన బీద కాంక్రీటు దిమ్మెతో మూసి ఉంచాలి. ఒకటి రెండేళ్లలోనే కట్టబోతుంటే షీటు ఊసే వద్దు. ఏటా వేసవికి ముందు రెండు పూతల సున్నం కొట్టించండి. వానలకు పాచి పట్టి నల్లబడినా, అంత తక్కువ ఖర్చులో అంత చల్లదనం ఇచ్చేది మరొకటి లేదు.

ఉప్పు గాలికి తట్టుకునే కాంక్రీటు

విద్యుత్తు ఆదా గురించి చెబుతూ తుప్పు మాట ఎందుకని అడగవచ్చు. యాభై ఏళ్లు నిలవవలసిన ఇంటిని ఇరవై ఏళ్లకు పడగొట్టి మళ్లీ కట్టుకుంటే, అంత సిమెంటు, అంత ఇనుము రెండోసారి కొనాలి. ఏసీ బిల్లులో మిగిల్చినదంతా దాని ముందు లెక్కలోకి రాదు. పెదవాల్తేరులో మా నాన్నగారు కట్టించిన ఇంటి సన్‌షేడ్ల అడుగున మొదట టీ మరకలాంటి గీత కనిపించింది. రెండు వర్షాకాలాల తరువాత అరచేయంత పెచ్చు ఊడి పడింది. ఆ గుంటలో చువ్వకూ బయటి గాలికీ మధ్య ఉన్న కాంక్రీటును, అంటే ‘కవరు’ను, స్కేలుతో కొలిస్తే 10 మిల్లీమీటర్లు కూడా లేదు. కట్టినప్పుడు కడ్డీల కింద, ఆ ఎడం నిలిపే కవర్ బ్లాకులకు బదులు కంకర రాళ్లు పెట్టారు. వైబ్రేటర్ తాకగానే అవి దొర్లిపోయి, చువ్వలు సెంట్రింగ్ రేకు మీద కూర్చున్నాయి.

కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 సముద్ర తీర వాతావరణంలో ఉన్న కాంక్రీటును ‘తీవ్ర’ తరగతిలో పెట్టి, కనీసం ఎం30 గ్రేడు (అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ), 45 మిల్లీమీటర్ల కవరు, 0.45 మించని నీరు-సిమెంటు నిష్పత్తి ఉండాలంటోంది. ఉప్పు గాలి నేరుగా తగలని చోట ‘మధ్యస్థ’ తరగతి వర్తించి, ఎం25 గ్రేడు, 30 మిల్లీమీటర్ల కవరు సరిపోతాయి. రుషికొండ, భీమిలి, బీచ్ రోడ్డు వైపు మొదటిదాన్నే పాటించాలి. పెందుర్తి వంటి లోపలి ప్రాంతాల్లో రెండోది చాలవచ్చు. అది ఇంజనీరు స్థలం చూసి చెప్పవలసిన మాట. మన ఇంటికి పునాది నుంచి శ్లాబు దాకా 35 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుందనీ, మామూలుగా వేసే ఎం20కీ ఎం30కీ ఘనపు మీటరుకు 800 రూపాయల తేడా అనీ అనుకుంటే అదనం 28,000. కవర్ బ్లాకులు, కాస్త పెరిగే సైజులు కలిపి 40,000 రాసుకోండి. ఈ పద్దులో మాత్రం బేరం వద్దు.

సిమెంటులో పోర్ట్‌ల్యాండ్ స్లాగ్ సిమెంటును ఎంచుకుంటే ఉప్పును అడ్డుకోవడంలో మేలు. ఉక్కు కర్మాగారాల కొలిమిలో మిగిలే చిట్టెం (స్లాగ్) కలిపి తయారయ్యేది కనుక తయారీలో ఇంధనమూ తక్కువే పడుతుంది. అయితే ఇది నెమ్మదిగా గట్టిపడుతుంది. వేసవిలో కనీసం 14 రోజులు డాబా మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి. ఆ నీటిని, కాంక్రీటు కలిపే నీటిని ముందే పరీక్ష చేయించండి. తీరం దగ్గరి బోర్లలో ఉప్పు దిగి ఉండవచ్చు. ఆర్‌సీసీ కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ట్యాంకరు కిరాయికి వెనుకాడి బోరు నీటితో కలిపిన శ్లాబు లోపలి నుంచే తుప్పు పడుతుంది.

గోడలు, నీడ, గాలి

గోడల దగ్గర అదనపు ఖర్చు దాదాపు లేదు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ యు విలువ రెండుకు అటూ ఇటూ ఉంటే, ఎనిమిది అంగుళాల ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మె) గోడది 0.75 దాపున ఉంటుంది. బ్లాకు ధర ఎక్కువనిపించినా, ప్లాస్టరింగుకు సిమెంటు మాలు తగ్గి, పని త్వరగా సాగి, గోడ బరువు ఇటుకలో మూడో వంతే కావడంతో మొత్తం మీద సరిపోతుంది. పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రపు బూడిద దగ్గరలోనే దొరుకుతున్నందున ఫ్లైయాష్ ఇటుకలు ఇక్కడ విరివిగా వాడతారు. అవి గట్టివే గానీ, వేడిని ఆపడంలో మామూలు ఇటుకకు మించినవి కావు. నా సలహా ఏమిటంటే పడమటి, దక్షిణ గోడలకు ఏఏసీ, తక్కిన వాటికి మీకు చవకగా దొరికినది.

పడమటి కిటికీకి ఎంత పొడవు సన్‌షేడ్ వేసినా సాయంత్రపు ఎండ దాని కిందుగా లోపలికి వస్తుంది. ఆ వైపు మెట్లు, స్నానాల గదులు, బీరువాల గోడ పెట్టి, తప్పని కిటికీకి నిలువు ఫిన్లు (ఎండకు అడ్డంగా నిలబెట్టే పలకలు) కట్టించాలి. తక్కిన కిటికీలకు అడుగున్నర సన్‌షేడును రెండున్నర అడుగులు చేయించండి. ఈ రెంటికీ 40,000. వేసవిలో గాలి ఎక్కువగా దక్షిణం, నైరుతి వైపుల నుంచి, సముద్రం మీద నుంచి వీస్తుంది కాబట్టి, ఆ వైపు కిటికీకి ఎదురు గోడలోనో పై వెంటిలేటరులోనో గాలి పోయే దారి తప్పక ఉండాలి. ఉక్కపోత ఊరిలో చెమట ఆరడమే సగం చల్లదనం. దోమల మెష్, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు బిగింపులకు 30,000 వేసుకోండి. మామూలు స్క్రూ ఇక్కడ రెండో ఏటికే ఎర్రబడుతుంది.

బిల్లు వైపు నుంచి చూస్తే

ఆంధ్రప్రదేశ్‌లో గృహ విద్యుత్తు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 2022-23లో వచ్చిన పట్టికలో తొలి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలైతే, నెలకు 225 దాటిన యూనిట్లకు 8.75, 400 దాటిన వాటికి 9.75. మనం ఆదా చేసే యూనిట్ ఎప్పుడూ ఆ నెల బిల్లులోని పై మెట్టు మీదిదే. 75 వాట్ల ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు) ఫ్యాన్లు అయిదు పెట్టి, వాటిలో నాలుగింటిని రోజుకు 12 గంటలు తిప్పితే ఏడాదికి సుమారు 780 యూనిట్లు మిగులుతాయి. ఆ అయిదింటికీ అదనంగా పెట్టే 6,500 రూపాయలు ఏడాదిన్నర లోపే తిరిగొస్తాయి. రెండు ఏసీలు వేసవిలో 150 రాత్రులు చెరి మూడు యూనిట్లు తక్కువ తింటే 900 యూనిట్లు, అంటే 7,900 రూపాయలు. ఫ్యాన్లు ఏసీ లేని నెలల్లోనూ తిరుగుతాయి కనుక వాటి ఆదాను కింది మెట్టు ధరతో సుమారు 4,600గా కలిపితే ఏడాదికి 12,500 దాకా వస్తుంది.

కప్పు, నీడ, కిటికీలు, ఫ్యాన్లకు పెట్టినది 1,96,500; కాంక్రీటు నాణ్యతకు పెట్టిన 40,000 కలిపితే 2,36,500, అంటే నిర్మాణ వ్యయంలో పదకొండు శాతానికి కాస్త తక్కువ. బిల్లు ఒక్కటే చూస్తే ఆ 1,96,500 తిరిగి రావడానికి దాదాపు 16 ఏళ్లు పడుతుంది. మూడేళ్లలో వస్తుందని చెప్పేవారి మాట నమ్మవద్దు. ఒక ఏసీ అసలు కొనకుండా సరిపెట్టుకోగలిగితే, కరెంటు పోయిన రాత్రి కూడా నిద్ర పట్టడానికి విలువ కట్టగలిగితే, అప్పుడు లెక్క మారుతుంది.

సోలార్ దీని తరువాతి మాట. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. వ్యవస్థ ధర 1,90,000 అనుకుంటే చేతి నుంచి పడేది 1,12,000. రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి. కాగే ఇంటికి పెద్ద సోలార్ పెట్టడం కన్నా, ముందు కప్పు సరిచేసి చిన్నది పెట్టుకోవడం మేలు. ఇప్పుడు డబ్బు లేకపోయినా స్టాండు దిమ్మెలను, బోల్టులను శ్లాబుతోపాటే పోయించండి; తరువాత డ్రిల్లు చేస్తే వాటర్‌ప్రూఫింగ్ చెడుతుంది. కట్టడాల మీద పడే బరువులకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం విశాఖకు డిజైనుకు ఆధారంగా తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసినవారికి ఆ అంకె ఎందుకో వివరించనక్కరలేదు. స్టాండు ఆ వేగానికి డిజైను చేసినదేనని రాతపూర్వకంగా తీసుకోవాలి.

చివరగా ఒప్పంద పత్రం. లేబర్ కాంట్రాక్టైనా, మెటీరియల్‌తో సహా కాంట్రాక్టైనా, కాంక్రీటు గ్రేడు, కవరు మిల్లీమీటర్లలో, షీటు మందం, నీళ్లు పెట్టే రోజులు అందులో అంకెలతో ఉండాలి. శ్లాబు వేసే రోజు ఉదయం కాంక్రీటు కలిపే మిల్లరు తిరగకముందే డాబా ఎక్కి, కడ్డీల మీద పలకలు వేసి నడుస్తున్నారో లేదో, మీటరుకొక కవర్ బ్లాకు బైండింగ్ వైరుతో కట్టి ఉందో లేదో స్వయంగా చూడండి. కంకర రాయి కనిపిస్తే అక్కడే తీయించండి. శ్లాబు వాయిదా సొమ్ములో కొంత భాగాన్ని, పద్నాలుగో రోజు మడుల్లో నీళ్లు చూసిన తరువాతే ఇస్తామని ముందుగానే రాయించుకోండి.