క్లింగాన్ల నుదుటి మీద గొడవకి దిగేముందు

స్టార్ ట్రెక్ అంటే 1966 నుంచి సీరియళ్లుగా, సినిమాలుగా వస్తున్న అమెరికా అంతరిక్ష కథ. దాని పిచ్చి ఉన్న నలుగురు ఒకచోట చేరితే అరగంటలో మాట క్లింగాన్ల నుదుటి దగ్గరికి వచ్చేస్తుంది. క్లింగాన్లు అందులోని ఒక గ్రహాంతర జాతి, వాళ్ల నుదురు ఒక్కోసారి ఒక్కోలా కనబడటమే గొడవ. నేనూ దీని మీద చాలా రాత్రులు నిద్ర పాడుచేసుకున్నవాణ్ణే కాబట్టి, కొత్తగా దిగేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.

ముందు ఒకటి తేల్చుకోండి. మీ అభ్యంతరం కథ మారిందనా, వేషం మారిందనా? ఈ రెండూ కలిపేస్తే తెల్లారినా వాదన తెగదు. నర్తనశాలలో కృష్ణుడు కాంతారావు, మాయాబజార్‌లో ఎన్టీఆర్, ఇదేంటని మనం ఎప్పుడూ అడగలేదు కదా. అయితే ఈ పోలిక పట్టుకుని ఎదుటివాడి నోరు మూయించాలని చూడకండి, ఎందుకంటే స్టార్ ట్రెక్ ఇదంతా ఒకే చరిత్ర అని తానే చెప్పుకుంటుంది, అలా చెప్పుకున్నాక ప్రశ్నలు రాక తప్పదు.

తర్వాత, కథలోని సంవత్సరాల వరుసలో కాకుండా తీసిన సంవత్సరాల వరుసలో చూడండి. సగం గొడవ అక్కడే చల్లారుతుంది. 1967లో మొదటిసారి కనిపించిన క్లింగాన్లకి నుదురు మామూలు మనిషిదే, ముఖానికి ముదురు రంగు, గడ్డం, మీసం, అంతే. వారం వారం ఎపిసోడ్ తీయాల్సిన టీవీ వాళ్ల దగ్గర అంతకన్నా డబ్బూ లేదు, తీరికా లేదు. 1979లో సినిమా తీసేసరికి నుదుటి మీద ఎముకల గట్లు లేచాయి. 1987 నుంచి నెక్స్ట్ జనరేషన్ సీరియల్‌లో వోర్ఫ్ అనే క్లింగాన్ వారం వారం గట్లతోనే కనబడేసరికి అదే అసలు రూపమని మనసులో ముద్రపడిపోయింది. 2017లో డిస్కవరీ అనే సీరియల్ వచ్చి జుట్టు తీసేసి పుర్రెని వెనక్కి సాగదీసింది, జనం గగ్గోలు పెట్టారు, 2019 సీజన్‌కల్లా జుట్టు తిరిగొచ్చింది. 2023లో స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ రెండో సీజన్ క్లింగాన్లని చూస్తే మళ్లీ వోర్ఫ్ చుట్టాల్లాగే ఉన్నారు.

ఇక్కడ కాస్త ఆగి చూడాల్సింది డీప్ స్పేస్ నైన్ సీరియల్. 1967లో కోర్ అనే క్లింగాన్‌గా వేసిన జాన్ కోలికోస్‌నే 1994లో అదే పాత్రకి మళ్లీ తెచ్చారు, ఈసారి నుదుటి మీద గట్లతో, దాని గురించి కథలో ఎవరూ నోరెత్తలేదు. అంటే వేషం మారింది, మనిషి అతనే, మీరు పట్టించుకోకండి అని. సరే అనుకున్నాం. మూడేళ్లు తిరక్కుండానే, 1996లో, అదే సీరియల్‌లో వోర్ఫ్‌ని 1960ల సీరియల్ హీరో కెప్టెన్ కిర్క్ కాలానికి పంపారు, అక్కడ నున్నటి నుదుటి క్లింగాన్లని చూసి తోటివాళ్లు అడిగితే, బయటివాళ్లతో ఆ సంగతి మాట్లాడం అని తేల్చేశాడు! అప్పటిదాకా మేకప్ సంగతిగా ఉన్నది ఆ ఒక్క జోక్‌తో కథలోకి వచ్చిపడింది. ఇక జవాబు చెప్పక తప్పలేదు. 2005లో ఎంటర్‌ప్రైజ్ సీరియల్ రెండు ఎపిసోడ్లు పెట్టి, జన్యుమార్పిడి ప్రయోగాల్లో పుట్టిన వైరస్ వల్ల గట్లు పోయాయని చెప్పింది. కథగా బాగానే నడిపారు, కాదనను. నాకు మాత్రం వోర్ఫ్ ముఖం మాడ్చుకుని చెప్పిన ఆ ఒక్క ముక్కే ఎక్కువ నచ్చుతుంది. ప్రతి చిల్లుకీ మాట్లు వేస్తూ పోతే బట్ట కనబడదు.

కిర్క్ నడిపే ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడ గురించి వాదించేటప్పుడు కాస్త జాగ్రత్త. 1979 సినిమాలో ఎంటర్‌ప్రైజ్ రూపం మారినప్పుడు పద్దెనిమిది నెలలు మార్పులు చేశామని ఓడ ఇంజనీర్ స్కాటీ చేత చెప్పించారు, కాబట్టి ఆ మార్పు కథలో భాగమే. 2018లో డిస్కవరీ మొదటి సీజన్ చివర్లో కనబడిన ఎంటర్‌ప్రైజ్ కిర్క్ కెప్టెన్ కాకముందుది, అయినా 1966 ఓడ కన్నా కొత్తగా ఉంటుంది. పాత డిజైన్ ఈ కాలపు తెరకి ఆనదని ఎవరైనా అంటే ఊరుకోవద్దు. 1992లో, 1996లో, 2005లో మూడుసార్లు ఆ పాత రంగురంగుల సెట్లని మళ్లీ కట్టారు, మూడుసార్లూ కళ్లు చెదిరాయి. మార్చడం తప్పని నేను అనను, మార్చక తప్పలేదు అనే సాకునే ఒప్పుకోను.

ఖాన్ అనే విలన్ సంగతి వేరు. అతను 1990ల్లో ప్రపంచంలో పావు వంతుని ఏలాడని 1967లో చెప్పేశారు, ఆ 1990లు మనం చూసేశాం. ఇది వేషం కాదు, తారీఖు, కాబట్టి సంజాయిషీ అడిగే హక్కు మీకుంది. 2023లో ఇచ్చారు కూడా, ఎవరో కాలంలో వేలుపెట్టి ఆ సంఘటనలు ఆలస్యంగా జరిగేలా చేశారని.

అన్నీ చూసే ఓపిక లేకపోతే 1967 కోర్ ఎపిసోడ్, 1994ది, 1996ది, ఈ మూడూ ఒక ఆదివారం వరుసగా పెట్టుకోండి. ట్రిల్ అనే ఇంకో గ్రహాంతర జాతి జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి, 1991లో వాళ్ల నుదురు ఉబ్బెత్తుగా ఉండేది, 1993లో నటి టెర్రీ ఫారెల్ ట్రిల్‌గా వచ్చేసరికి మెడ మీద మచ్చలయ్యాయి, దానికి ఇంకో ఆదివారం కావాలి.