సగం ట్యాంకు ఉండగానే ఘాట్‌లో ఆగిపోయే బండి: నాకు పనిచేసిన పద్ధతి

ఒడిశాలో రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్‌కి ఘాట్ రోడ్డులో బైక్ మీద వెళ్లే మనవాళ్లు తరచూ అడిగేదే ఇది. ట్యాంకులో సగం పెట్రోల్ ఉన్నా బండి గుంజుకుంటూ ఆగిపోతుంది, రిజర్వ్‌కి తిప్పినా లాభం ఉండదు, కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ప్లగ్ మార్చాను, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) కడిగించాను, బంకు మార్చి చూశాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి బండి ఆగిన చోటే ట్యాంకు మూత తెరిచాను. స్‌స్‌స్ మని గాలి లోపలికి పోయింది, కాసేపాగి కిక్ కొడితే స్టార్ట్! పెట్రోల్ తగ్గేకొద్దీ మూతలోని సన్న రంధ్రం గుండా గాలి లోపలికి రావాలి. అది మూసుకుపోతే, ఒకే చిల్లు పెట్టిన నూనె డబ్బాలాగా, పెట్రోల్ కిందికి దిగదు.

ఇంటికొచ్చి మూత లోపలివైపు స్క్రూలు విప్పి, రబ్బరు వాషర్ పక్కన పెట్టాను. రంధ్రం దగ్గర ఎర్రమట్టి, తుప్పు కలిసి ముద్దకట్టి ఉంది. కార్బురేటర్ క్లీనర్ కొట్టి నాననిచ్చి, పంక్చర్ షాపులో గాలి కొట్టించాను. సూది మాత్రం గుచ్చకండి, కొన్ని మూతల్లో చిన్న వాల్వు ఉంటుంది, పాడైపోతుంది. ఆరాక బిగించాను, ఆ ఘాట్‌లో మళ్లీ ఆగలేదు.

నాది పాత కార్బురేటర్ బండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్‌6 (కొత్త కాలుష్య ప్రమాణం) ఇంజెక్షన్ బండ్లలో పంపు, ఆవిరి పైపులు ఉంటాయి కాబట్టి వాటికి ఇదే కారణమని చెప్పలేను. మూత తీసినా తేడా లేకపోతే కారణం వేరే వెతకాలి. పెట్రోల్ నిజంగా ఎంత దూరం వస్తుందో తెలియాలంటే, రంధ్రం బాగయ్యాకే ట్రిప్ మీటర్ సున్నా చేసి, రిజర్వ్ దాకా ఎన్ని కిలోమీటర్లు వస్తుందో రాసుకోండి, ఘాట్‌కి విడిగా, మైదానానికి విడిగా.